ఓర్చినమ్మకు తేటనీరు

ఈ మధ్య మన సంఘం కుటుంబాలలో ఒక కొత్త కబురు వినిపిస్తోంది. ఇదివరకు పిల్లలు కాలేజీ చదువు ముగించారంటే ఉద్యోగం ఎక్కడ, జీతం ఎంత అన్న ప్రశ్నలే వచ్చేవి. ఇప్పుడు పిల్లలే ముందుగా మరో మాట అంటున్నారు: "ఉద్యోగంలో చేరడానికి ఇంకా మూడు నెలలుంది. ఈలోగా సైకిలు మీద ఒంటరిగా దేశం దాటి వస్తాను."

కాలికి బలపం కట్టుకుని తిరగడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831లో తిరిగి వచ్చారు. అయితే ఆయన వెంట పరివారం ఉంది, పల్లకీ మోసే బోయీలు ఉన్నారు. ఒంట్లో బాగా లేకపోతే పలకరించే మనిషి పక్కనే ఉన్నాడు. మన పిల్లలు వెళతామంటున్నది ఏకాకిగా. అందుకే తండ్రులు లారీల గురించి, దొంగల గురించి, కుక్కల గురించి వాదిస్తూ ఉంటే, తల్లులు మాత్రం ఒకే ప్రశ్న వేస్తున్నారు: "దారిలో కాలు నొప్పి పుడితే నిన్నెవరు చూస్తారు నాన్నా?"

ఆ ప్రశ్నే అసలైనదని మాకు తోస్తున్నది. దూరాలు తొక్కి వచ్చినవాళ్ళని కదిపి చూడండి. దొంగల మాట, కుక్కల మాట తరవాత వస్తుంది. ముందు వచ్చేది నొప్పుల మాట. సీటు దగ్గర మొదలై మోకాళ్ళు, అరచేతులు, మెడ దాకా ఆ జాబితా సాగుతుంది. ఇంతకీ ఆ నొప్పితో వాళ్ళు ఏం చేశారు? పంటి బిగువున భరించి గమ్యం చేరారా? లేక మరేదైనా ఉపాయం ఉందా? ఈ దేశంలో సైకిలు చరిత్ర తిరగేస్తే దీనికి ఆసక్తికరమైన జవాబే దొరుకుతుంది.

మొదటివాడు

అమెరికా ఖండాన్ని సైకిలు మీద మొట్టమొదట దాటినవాడు థామస్ స్టీవెన్స్. ఆయనా మనలాగే ఈ దేశానికి వలస వచ్చినవాడే. 1854లో ఇంగ్లండులో పుట్టి, 1871లో ఇక్కడికి వచ్చి, గనిలోనూ రైల్వేలోనూ కాయకష్టం చేశాడు. 1884 ఏప్రిల్ 22న శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బయల్దేరాడు. అప్పటి సైకిలు ఇప్పటిది కాదు. ముందు చక్రం 50 అంగుళాలు, వెనక చక్రం బుల్లిది. గేర్లు లేవు, గాలి టైర్లు లేవు. చక్రానికి రాయి అడ్డం పడితే మనిషి తలకిందులుగా ముందుకు పడేవాడు. సామాను అంటే మేజోళ్ళు, ఒక మారు చొక్కా, డేరాగా కూడా పనికివచ్చే వానకోటు, ఒక పిస్తోలు. అంతే.

ఆ ఏడు ఆగస్టు 4న బోస్టను చేరాడు. సుమారు 3,700 మైళ్ళు, 104 రోజులు. తరవాత ప్రపంచమంతా చుట్టి, 1886లో మన దేశానికి వచ్చి, లాహోరు నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద తొక్కాడు.

ఈ కథలో సాహసం సంగతి అందరూ చెబుతారు. మేము గమనించమనేది మరొకటి. అమెరికా దాటిన దూరంలో మూడో వంతుకు పైగా స్టీవెన్స్ సైకిలు తొక్కలేదు. దిగి, సైకిలు తోసుకుంటూ నడిచాడు. వానలు కురిసి దారి పాడైన రోజుల్లో ఆగిపోయాడు. అలా కూర్చున్న రోజులే ఇరవై దాకా ఉన్నాయి. మొండికేసి ప్రతి మైలూ తొక్కే తీరతానని కూర్చుంటే ఆయన పేరు ఇవాళ మనకి తెలిసేది కాదేమో. దిగవలసిన చోట దిగాడు, ఆగవలసిన రోజున ఆగాడు. బోస్టను చేరాడు.

ముగ్గురు పిల్లల తల్లి

రెండో కథ ఒక ఇల్లాలిది. ఆనీ కోహెన్ కొప్‌చొవ్‌స్కీ లాట్వియా నుంచి చిన్నతనంలోనే బోస్టనుకు వచ్చిన యూదు కుటుంబపు పిల్ల. పెళ్ళయి ముగ్గురు బిడ్డలున్నారు. 1894 జూన్‌లో సైకిలు మీద ప్రపంచం చుట్టి వస్తానని బయల్దేరింది. లండన్‌డెరీ అనే మంచినీళ్ళ కంపెనీ తమ ప్రకటన బోర్డు మోసుకెళ్ళినందుకు 100 డాలర్లు ఇచ్చింది. ఆ పేరే తన పేరుగా పెట్టుకుంది.

బయల్దేరినప్పుడు ఆవిడ వేసుకున్నది నేల జీరాడే లంగా. ఎక్కింది 42 పౌన్ల బరువున్న ఆడవాళ్ళ సైకిలు. షికాగో చేరేసరికి ఒంట్లో 20 పౌన్లు తగ్గిపోయింది, ఇక మానేద్దామన్న ఆలోచన వచ్చింది. అక్కడ ఆవిడ చేసిన పని చూడండి. ఆ సైకిలు వదిలేసి, దానిలో సగం బరువున్న 21 పౌన్ల మగవాళ్ళ సైకిలు తీసుకుంది. లంగా మానేసి తొక్కడానికి వీలైన బట్టలు వేసుకుంది. ఆ రోజుల్లో ఆడది అలాంటి బట్టలతో వీధిలోకి రావడం ఎంత గొడవో మన బామ్మల కాలం తలుచుకుంటే అర్థమవుతుంది. లోకం ఏమనుకుంటుందో అన్నది పక్కన పెట్టి, ఒళ్ళు ఏమంటోందో విన్నది.

ప్రపంచయాత్రలో చాలా భాగం ఓడల మీదనే సాగిందనీ, ఆవిడ చెప్పిన కథల్లో కల్పన పాలు హెచ్చనీ పరిశోధకులు తేల్చారు. అయినా తిరుగు ప్రయాణంలో అయోవాలో పందుల గుంపు అడ్డం వచ్చి పడి, మణికట్టు విరిగి, కట్టుతోనే 1895 సెప్టెంబరులో షికాగో చేరింది. బరువైన సైకిలుతో మొదట్లో ఆగిపోయి ఉంటే ఈ కథ మొదటి అధ్యాయంలోనే ముగిసేది.

రాచబాట

ఇప్పుడు మన పిల్లలు ఎంచుకునే దారి చాలావరకు 1976లో ఏర్పడింది. అమెరికా స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్ళు నిండిన సందర్భంలో సిపుల్ దంపతులు, బర్డెన్ దంపతులు కలిసి 'బైకెసెంటెనియల్' అనే సైకిలు యాత్ర ఏర్పాటు చేశారు. పడమట ఆరెగాన్ తీరం నుంచి తూర్పున వర్జీనియాలోని యార్క్‌టౌన్ దాకా సుమారు 4,250 మైళ్ళు. ఆ వేసవిలో నాలుగు వేలమందికి పైగా ఆ దారిలో తొక్కారు. ఆ సంస్థే తరవాత అడ్వెంచర్ సైక్లింగ్ అసోసియేషన్ అయింది. నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, డేరా ఎక్కడ వేసుకోవచ్చు, సైకిలు బాగుచేసే షాపు ఎక్కడుంది అన్నవన్నీ చూపే పటాలు వాళ్ళు అచ్చువేస్తారు.

ఈ దారి కొలరాడోలో హోజియర్ పాస్ దగ్గర 11,500 అడుగుల ఎత్తుకు ఎక్కుతుంది. అందరూ భయపడేది దానికే. కాని వెళ్ళివచ్చినవాళ్ళు వేరే చెబుతారు. రాకీ పర్వతాల దారులు పొడుగు, అయితే వాలు కొంత నయం. మిస్సోరీలో ఓజార్క్ కొండలు, కెంటకీ, వర్జీనియాలలో అపలాచియన్ కొండలు పొట్టివే గాని, గోడ ఎక్కినట్టు నిట్టనిలువుగా ఉంటాయి, ఒకటి దిగితే మరొకటి. ఇక కాన్సాస్‌లో కొండ అన్నది లేదు, కాని ఎదురుగాలి ఉంది. మోకాళ్ళ సంగతి కొండల్లో తెలుస్తుంది, మనసు సంగతి కాన్సాస్‌లో తెలుస్తుంది.

ఏ నొప్పి ఏం చెబుతుంది

మేము డాక్టర్లం కాము. ఉన్న విషయాన్ని నలుగురికీ అర్థమయ్యేటట్టు చెప్పడమే మా పని. సైకిలు మీద మనిషి మూడు చోట్ల ఆనుకుంటాడు: సీటు, హ్యాండిలు, పెడళ్ళు. నొప్పులు చాలావరకు ఈ మూడింటి నుంచే పుడతాయి. చిత్రమేమిటంటే, ఒక్కొక్క నొప్పి తన కారణాన్ని తానే చెబుతుంది, వినేవాడుంటే.

సీటు సంగతి ముందు. కూర్చున్నప్పుడు మన బరువు మోసేందుకు పిరుదుల కింద రెండు ఎముకలున్నాయి. సీటు వాటికి ఆసరా ఇచ్చేటట్టు ఉండాలి. మెత్తగా దిండులా ఉన్న సీటు హాయి అనుకుంటాం. గంటసేపటికి అది హాయే. ఆరు గంటలకి ఆ ఎముకలు మెత్తలో దిగబడి, ఒత్తిడి అంతా మధ్యనున్న మెత్తని కండ మీద పడుతుంది. దానికి చెమట, రాపిడి తోడైతే పొక్కులు లేస్తాయి, అవి ముదిరితే సెగగడ్డలవుతాయి. మెత్త కుట్టిన సైకిలు నిక్కరు లోపల ఇంకేమీ లేకుండా వేసుకోవడం, రాపిడి తగ్గే లేపనం రాసుకోవడం, పది పదిహేను నిమిషాలకొకసారి పెడళ్ళ మీద లేచి నిలబడడం, రాత్రి ఎంత అలసిపోయినా నిక్కరు ఉతికి ఆరేసుకోవడం, ఇవీ మందులు. వినడానికి చాలా చిన్న సంగతులు. వందల మైళ్ళ యాత్రని ఆపేసేవి ఇలాంటి చిన్నవే.

తరవాత చేతులు. అరచేతి మొదట్లో, చిటికెన వేలి వైపు, చర్మానికి దగ్గరగా ఒక నరం పోతుంది. హ్యాండిలు మీద గంటలకొద్దీ బరువు వేస్తే అది నలిగి, చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. మేము ఇద్దరు స్నేహితులం ఒకసారి పిట్స్‌బర్గు నుంచి వాషింగ్టన్ దాకా, పాత రైలుదారి మీద 150 మైళ్ళు, కాలువ గట్టున 184 మైళ్ళు తొక్కాం. మూడోరోజు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వేళ్ళు మాట వినలేదు. హ్యాండిలు కాస్త ఎత్తు చేయించి, చేతుల కింద మెత్త చుట్టి, ప్రతి అరగంటకీ చేతులు పట్టుకునే చోటు మారుస్తూ వెళితే రెండు రోజులకి వేళ్ళలోకి చురుకు వచ్చింది. అదే రెండు వారాలు పట్టించుకోకపోతే ఆ తిమ్మిరి నెలల తరబడి పోకపోవచ్చు, పట్టు కూడా సడలవచ్చు.

ఇక మోకాళ్ళు. మోకాలి చిప్ప ముందువైపు నొప్పి పుడితే సాధారణంగా సీటు మరీ కిందికి ఉందనో, బరువైన గేరులో నెమ్మదిగా తొక్కుతున్నారనో అర్థం. మోకాలి వెనకవైపు నొప్పి పుడితే సీటు మరీ ఎత్తుగా ఉందేమో చూసుకోవాలి. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, పూర్తిగా సాగిపోకూడదు. నిమిషానికి 80, 90 చుట్లు తిరిగే తేలిక గేరులో తొక్కితే పని గుండెకీ ఊపిరితిత్తులకీ పడుతుంది, అవి రాత్రికి తేరుకుంటాయి. బరువు గేరులో తొక్కితే పని మోకాళ్ళకి పడుతుంది, అవి అంత త్వరగా తేరుకోవు. సీటు ఎత్తు ఒక పావు అంగుళం మార్చడానికి పట్టేది రెండు నిమిషాలు.

చివరికి మెడ. ముందుకు వంగి తలెత్తి చూస్తూ రోజంతా ఉండడం వల్ల మెడ వెనక కండరాలు అలసిపోతాయి. 1982లో నలుగురు మనుషులు కాలిఫోర్నియాలో శాంటా మోనికా నుంచి న్యూయార్కు దాకా పోటీ పడి తొక్కారు. లాన్ హాల్డెమన్ 9 రోజుల 20 గంటల్లో మొదట చేరాడు. రేస్ ఎక్రాస్ అమెరికా అన్న పేరుతో తరవాత ఏటేటా సాగిన పందెం అదే. ఆ నలుగురిలో ఒకడు మైకేల్ షెర్మర్. రాత్రింబగళ్ళు తొక్కేవాళ్ళకి మెడ కండరాలు పూర్తిగా చచ్చుబడి, తల వాలిపోయి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటే గాని రోడ్డు కనపడని స్థితి వస్తుంది. దానికి 'షెర్మర్ మెడ' అనే పేరు ఆయన మీదనే వచ్చింది. తీరికగా రోజుకి 50, 60 మైళ్ళు తొక్కేవాళ్ళకి అంత దూరం రాదు గాని, భుజాలు బిగుసుకుని తలనొప్పి రావడం మామూలే. హ్యాండిలు ఎత్తు పెంచడం, తరచు దిగి భుజాలు తిప్పడం దీనికి విరుగుడు.

ఒంటరితనం సంగతి

ఇంతవరకు చెప్పినవి ఎవరికైనా ఒకటే. మరి ఒంటరిగా వెళ్ళేవాడికి ప్రత్యేకంగా ఏమిటి?

నొప్పి అంటే దెబ్బ తగిలిన చోటి నుంచి మెదడుకు తీగ లాగినట్టు వచ్చే కబురు అని పూర్వం అనుకునేవారు. 1965లో రోనల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు వెన్నుపాములో ఒక తలుపు లాంటిది ఉందని, పైనుంచి మెదడు పంపే కబుర్లు కూడా ఆ తలుపును తెరవగలవని, మూయగలవని ప్రతిపాదించారు. భయం, దిగులు, విసుగు ఉంటే అదే దెబ్బ ఎక్కువ నొప్పెడుతుంది. పక్కన మనిషి ఉంటే తగ్గుతుంది. 2009లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తమ పడవపందెం జట్టు కుర్రవాళ్ళ మీద చేసిన చిన్న పరీక్ష ఒకటి ప్రచురించారు. వ్యాయామశాలలో తెడ్డు యంత్రాల మీద ఒకసారి విడివిడిగా, ఒకసారి జట్టుగా తొక్కిసలాట లేకుండా అంతే శ్రమ చేయించి, తరవాత నొప్పిని ఎంత తట్టుకుంటారో కొలిచారు. శ్రమ అంతే అయినా, జట్టుగా చేసిన రోజున నొప్పి ఓర్చే శక్తి బాగా ఎక్కువగా కనిపించింది. మన ఊళ్ళలో నాట్లు వేసే ఆడవాళ్ళు కలిసి పాడుతూ వంగిన నడుము ఎందుకు మరిచిపోతారో వాళ్ళకి యంత్రాలు పెట్టి చెప్పనక్కరలేదు.

కాబట్టి ఒంటరివాడికి రెండు కష్టాలు. ఒకటి, అదే నొప్పి అతనికి ఎక్కువ తెలుస్తుంది. రెండోది ఇంకా పెద్దది. అతన్ని చూసే రెండో కన్ను లేదు. మా కాలువగట్టు ప్రయాణంలో ఒకరు కుంటితే రెండోవారు గమనించి ఆగేవారం. పందెంలో తొక్కేవాడికి వెనకాల కారులో మనుషులుంటారు. నిద్ర తూగుతున్నాడా, నీళ్ళు తాగాడా, మాట తడబడుతోందా అని కనిపెట్టి చూస్తుంటారు. డేరా, బియ్యం, పటం మోసుకుని ఒక్కడే వెళ్ళేవాడు తన గురించి తానే కనిపెట్టుకోవాలి. కాన్సాస్‌లో నలభై మైళ్ళకి ఒక ఊరున్న చోట మధ్యాహ్నం మోకాలు నొప్పెడుతుంటే, "ఇది సర్దుకుంటే పోయేదా, ఆగవలసిందా" అన్న తీర్పు అతనొక్కడే ఇవ్వాలి. నొప్పితో అలసిన మెదడు ఇచ్చే తీర్పు మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేం.

అందుకని ఇంటి దగ్గరే ముందుగా కొన్ని నిబంధనలు రాసుకుని వెళ్ళడం మంచిది. ఈ కిందివి కనబడితే తీర్పు అక్కరలేదు, ఆగి డాక్టరు దగ్గరికి వెళ్ళవలసిందే. గుండెల్లో బిగపట్టడం, మామూలు కాని ఆయాసం. ఎండలో తల తిరిగి మాట తడబడడం. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం. మూత్రం కాఫీ రంగులో రావడం. సీటు పుండుతో పాటు జ్వరం. రాత్రి నిద్రపోయి లేచినా తగ్గని తిమ్మిరి. దిగి నడిచినా కుంటేటట్టు చేసే కీలునొప్పి.

మరో మాట. నొప్పి మాత్రలు మింగి తొక్కడం ఈ దేశంలో చాలా మామూలైపోయింది. ఐబూప్రొఫెన్ లాంటివి, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు రోజూ వేసుకుంటే మూత్రపిండాలకి హాని చెయ్యగలవు. పైగా అవి చేసేది నొప్పి నోరు మూయించడం. సీటు ఎత్తు సరిచేయడం వాటి వల్ల కాదు.

ఆగినవాళ్ళు

ఆగడమంటే ఓడిపోవడమని మన పిల్లలు అనుకుంటారు. వాళ్ళకి రెండు ఉదాహరణలు చెప్పండి.

లేయల్ విల్కాక్స్ అలాస్కాకి చెందిన యువతి. 2015లో కెనడాలోని బాన్ఫ్ నుంచి న్యూ మెక్సికో సరిహద్దు దాకా కొండదారుల వెంట సుమారు 2,700 మైళ్ళు సాగే టూర్ డివైడ్ పందెంలో పాల్గొన్నది. తోడుగా కారు గాని, సాయం చేసే మనుషులు గాని ఉండకూడదన్నది ఆ పందెం నియమం. దారిలో ఊపిరి ఆడక అవస్థపడి, మాంటానాలో ఆసుపత్రికి వెళ్ళి వైద్యం చేయించుకుంది. తరవాత మళ్ళీ సైకిలెక్కి, అప్పటివరకు ఏ స్త్రీ చేరనంత తక్కువ కాలంలో చేరింది. ఆ వేసవిలోనే మరోసారి తొక్కి తన లెక్కను తానే ఒక రోజుకు పైగా తగ్గించింది. మరుసటి ఏడు, 2016లో, దేశం అడ్డంగా దాటే ట్రాన్స్ ఆమ్ పందెంలో మగవాళ్ళతో సహా అందరికంటే ముందు చేరింది. ఆసుపత్రిలో పోయిన గంటలు ఆవిడకి నష్టమయ్యాయంటారా?

రెండోది మన దేశపు కథ. భారత సైన్యంలో వైద్యుడు శ్రీనివాస్ గోకుల్‌నాథ్ 2016లో రేస్ ఎక్రాస్ అమెరికాలో ఒంటరి విభాగంలో పాల్గొని, మధ్యలో ఆగవలసి వచ్చింది. ఇంటికి వెళ్ళి, మరుసటి ఏడు తిరిగి వచ్చాడు. కాలిఫోర్నియా నుంచి మేరీలాండ్ దాకా సుమారు 3,000 మైళ్ళు 12 రోజుల గడువులో ముగించాలి. 2017లో ఆయన 11 రోజుల 18 గంటల్లో ముగించాడు. కొద్ది గంటల తేడాలో నాగపూర్ డాక్టరు అమిత్ సమర్థ్ చేరాడు. ఒంటరి విభాగంలో ఆ పందెం పూర్తిచేసిన మొదటి భారతీయులు వారిద్దరూ. ఇద్దరూ వైద్యులే కావడం మాకు విశేషంగా కనిపించింది.

చెలమ దగ్గర

తెలుగిళ్ళలో ఓర్పును ఉగ్గుపాలతోనే పోస్తారు. "ఓర్చినమ్మకు తేటనీరు" అని ఎన్నిసార్లు విన్నామో. పిల్లవాడు దెబ్బ తగిలి ఏడిస్తే, కోడలు కష్టం చెప్పుకోబోతే, అదే సామెత. నోరు మూసుకుని భరించమని చెప్పడానికి దాన్ని వాడుకుంటూ వచ్చాం.

కాని ఆ సామెత ఎక్కడ పుట్టిందో ఒకసారి తలుచుకోండి. ఎండిన ఏటి ఇసకలో చెలమ తవ్వుతారు. తవ్వగానే ఊరేది బురదనీరు. తొందరపడి బిందె ముంచినావిడకి బురదే దక్కుతుంది. గట్టున కూర్చుని, మడ్డి అడుక్కి దిగేదాకా ఆగినావిడకి తేటనీరు దొరుకుతుంది. బురదనీరు తాగి ఊరుకోమని ఆ సామెత ఎక్కడా చెప్పలేదు. ఆగమని చెప్పింది. స్టీవెన్స్ వానలో ఆగాడు. ఆనీ షికాగోలో ఆగి సైకిలు మార్చింది. విల్కాక్స్ ఆసుపత్రి దగ్గర ఆగింది. గోకుల్‌నాథ్ ఏడాది ఆగాడు. వీళ్ళందరూ మన సామెత తెలిసినవాళ్ళలాగే నడుచుకున్నారు.

ఈ సంగతి పిల్లలకి మాత్రమే చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. మనలో పెద్దవాళ్ళు ఈ దేశం వచ్చిన కొత్తలో నీలం రంగు ఏరోగ్రాముల మీద ఇంటికి ఉత్తరాలు రాసేవారు. "మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాము" అన్న వాక్యం తప్పకుండా ఉండేది. మొదటి చలికాలపు దిగులు, పరీక్షల భయం, నడుం నొప్పి ఆ నీలం కాగితంలో ఉండేవి కావు. అమ్మ కంగారుపడుతుందని. ఇప్పుడు మన అబ్బాయో, అమ్మాయో కాన్సాస్ నుంచి ఫోను చేసి, "అంతా బాగానే ఉందమ్మా" అంటారు. మోకాలికి మంచుగడ్డ పెట్టుకునే అంటారు. ఆ విద్య వాళ్ళు ఎక్కడ నేర్చుకున్నారో వేరే చెప్పనక్కరలేదు.

కనుక తల్లిదండ్రులకి మా సలహా ఇది. పిల్లలు ఫోను చేసినప్పుడు "ఎలా ఉన్నావు?" అని అడగకండి. దానికి జవాబు ముందే తయారుగా ఉంటుంది. "ఇవాళ ఎక్కడ నొప్పెట్టింది? ఏం మార్చావు?" అని అడగండి. చెబితే కంగారు పడకండి, "వెంటనే వచ్చెయ్యి" అనకండి. ఒకసారి అలా అంటే రెండోసారి నిజం చెప్పరు. వినండి. నిన్న చెప్పిన నొప్పి ఇవాళ ఎలా ఉందో గుర్తుపెట్టుకుని అడగండి. వెయ్యి మైళ్ళ దూరం నుంచి మీరు ఇవ్వగలిగిన రెండో కన్ను అదే.

బయల్దేరేముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. సైకిలును మనిషి ఒంటికి సరిపడేటట్టు తెలిసిన షాపులో అమర్చించాలి. కనీసం ఒక నెల ముందు నుంచి సామాను వేసుకుని తొక్కి అలవాటు చెయ్యాలి. మొదటి వారం రోజుకి 40 మైళ్ళు మించకుండా, వారానికి ఒక రోజు విశ్రాంతి ఉండేటట్టు లెక్క వేసుకోవాలి. 26 ఏళ్ళ లోపు పిల్లలు తల్లిదండ్రుల ఆరోగ్య భీమాలో ఉండవచ్చు గాని, అది ఇతర రాష్ట్రాలలో దేనికి పనికివస్తుందో ముందే కనుక్కోవాలి. సెల్‌ఫోను అందని చోట్ల ఉపగ్రహం ద్వారా కబురు పంపే చిన్న పరికరాలు దొరుకుతాయి, ఒకటి కొనివ్వండి. తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు డబ్బు విడిగా ఇచ్చి, ఎక్కడి నుంచైనా, ఎప్పుడైనా వాడుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు అని మాట ఇవ్వండి. ఆ మాట ఉంటే ఆగవలసిన చోట ఆగడం తేలికవుతుంది.

వర్జీనియాలో ఆఫ్టన్ అనే చిన్న ఊరు కొండ మీద ఉంది. 1976లో సైకిలు మీద ఆ కొండ ఎక్కి వచ్చినవాళ్ళు జూన్ కర్రీ అనే ఆవిడ ఇంటి దగ్గర ఆగి మంచినీళ్ళు అడిగారు. నీళ్ళతో పాటు ఆవిడ బిస్కట్లు చేసి పెట్టింది. తరవాత పక్కనున్న ఇల్లు వాళ్ళు పడుకోవడానికి వదిలేసింది. 2012లో కన్నుమూసేదాకా, వేలమంది అపరిచితులకి ఆవిడ 'కుకీ లేడీ'. ఆ ఇంటి గోడల నిండా వాళ్ళు పంపిన కార్డులే.

ఈ దారి కొలరాడోలో ప్యూబ్లో, వర్జీనియాలో షార్లట్స్‌విల్, విలియమ్స్‌బర్గ్ మీదుగా పోతుంది. ఆ చుట్టుపక్కల మన సభ్యులు, స్నేహితులు ఉంటే, ఒక రాత్రికి చోటివ్వగలిగితే, సంఘం కార్యదర్శికి తెలియజేయండి. పిల్లలు మన సంఘంవాళ్ళే కానక్కరలేదు. వేడివేడి చారూ అన్నమూ, బట్టలు ఉతుక్కోవడానికి సబ్బు, చాప, దిండు చాలు. వచ్చినవాళ్ళని ఎన్ని మైళ్ళు తొక్కారని ఆనక అడగవచ్చు. ముందు కూర్చోబెట్టి, కాళ్ళకి వేణ్ణీళ్ళివ్వండి.